క్రాష్ డైట్ జోలికి పోకుండా, సంగటీ పప్పూ తింటూ బరువు తగ్గడం ఎలా

మా చెల్లెలి పెళ్లికి ఇంకా మూడు వారాలుందనగా పట్టుచీర జాకెట్టు పట్టలేదు. ఆ రాత్రే జ్యూస్ డైట్ మొదలుపెట్టాను. పొద్దున బూడిదగుమ్మడి రసం, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి ఒక ఆపిల్, ఆకలేస్తే నిమ్మనీళ్లు. 18 రోజుల్లో 7 కిలోలు తగ్గాను. చూసినవాళ్లంతా "భలే తగ్గినావే" అంటుంటే సంబరంగానే ఉండింది. పెళ్లిరోజు తెల్లవారుజామున తలంబ్రాల బియ్యంలో పసుపు కలుపుతూ కళ్లు తిరిగి ఆ పళ్లెం మీదే పడిపోయాను. రెండున్నర నెలలకు దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. ఏడాది తిరక్కుండా ఆ 7 కిలోలూ వెనక్కొచ్చాయి, ఇంకో 3 కిలోలు తోడు తెచ్చుకున్నాయి.

రెండేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి మా ఇంటి కుండలో ఉడికేదే తింటూ. 81 కిలోల నుంచి 66కి రావడానికి 14 నెలలు పట్టింది. ఇప్పటికి మూడేళ్లయింది, ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అయినా అక్కడే ఉన్నాను. నేను డాక్టర్ని కాదు, తిరుపతి బైరాగిపట్టెడలో కాపురముంటున్న మామూలు ఉద్యోగస్తురాలిని. కానీ ఈ విషయం మీద చాలా చదివాను, డాక్టర్లను విసిగించి మరీ అడిగాను, నా ఒంటి మీద రెండు దారులూ చూశాను. ఏది ముందు, ఏది తర్వాత అన్నది అదే వరుసలో చెప్తాను.

ముందు ఆ 7 కిలోల లెక్క

ఇది అర్థమైతే ఇలా పస్తులుండి గబగబా తగ్గే క్రాష్ డైట్ మీద మోజు దానంతటదే పోతుంది. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. 7 కిలోలంటే దాదాపు 54,000. దాన్ని 18తో భాగిస్తే రోజుకు 3,000 కేలరీల లోటు రావాలి. నా ఒళ్లు రోజంతా కలిపి ఖర్చు పెట్టేదే 2,000 లోపు! పచ్చి గంగ ముట్టకుండా పడుకున్నా అంత కొవ్వు కరగదు. ఎంత ఉదారంగా లెక్కేసినా కరిగింది మూడున్నర కిలోలు. మరి మిగతాది? చాలావరకు నీళ్లు. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది, దాని ప్రతి గ్రామూ సుమారు 3 గ్రాముల నీళ్లను పట్టుకుని కూర్చుంటుంది. అన్నం మానేసిన నాలుగు రోజులకే ఆ నిల్వ అయిపోతుంది, నీళ్లూ వెళ్లిపోతాయి, త్రాసు మీద ముల్లు దిగుతుంది. మళ్లీ రెండు పూటలు అన్నం తింటే ఆ నీళ్లు తిరిగొస్తాయి. ఇక నీళ్లు పోగా తగ్గిన దాంట్లో కొంత కండ, అది పోతే మాత్రం తిరిగి తెచ్చుకోవడం కష్టం.

ఇంకో సంగతి, ఆకలి. పస్తులున్నప్పుడు కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. 1944, 45ల్లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకు 24 వారాలపాటు మామూలుగా తినేదాంట్లో సగమే పెట్టి చూశారు. వాళ్లకు పగలూ రాత్రీ తిండి ధ్యాసే, కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని చదువుకుంటూ కూర్చునేవారట. కాబట్టి మీరు డైట్ చేసి పదో రోజు బజ్జీల బండి దగ్గర ఆగిపోయారంటే మీకు మనోబలం లేక కాదు, ఒళ్లు ప్రాణం కాపాడుకోవడానికి చేసే పని అది. ఈ మాట నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే రెండేళ్లు నన్ను నేను తిట్టుకునేదాన్ని కాదు.

జుట్టు కూడా అంతే. ఒంటికి పెద్ద దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకు రాలుతుంది, అందుకే చాలామంది దానికీ డైట్‌కీ సంబంధం పెట్టుకోకుండా నూనెలు మార్చుకుంటూ ఉంటారు. మరీ త్వరగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, ఆడవాళ్లకు నెలసరి తప్పవచ్చు.

మొదలుపెట్టే ముందు

డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్లండి. షుగర్ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, రక్తం శాతం, కొలెస్ట్రాల్ చూపించుకోండి. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయే ప్రమాదముంది, మందు మోతాదు ముందే మార్పించుకోవాలి. బీపీ మాత్రలు వాడేవాళ్లూ చెప్పి చేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, కిడ్నీ జబ్బున్నవాళ్లు సొంతంగా ఏదీ మొదలుపెట్టొద్దు.

తర్వాత కుట్టుమిషన్ టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైభాగానికీ నడుమ, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవండి. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎమ్ఐ కూడా మనకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. విదేశీ యాప్‌లు చూపించే 25, 30 అంకెలు చూసి ధైర్యపడొద్దు, మన ఒంట్లో తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. నా నడుము 98 ఉండింది, హెచ్‌బీఏ1సీ 6.1, అంటే షుగర్ వాకిట్లో నిలబడి ఉన్నానన్నమాట.

మొదటి వారం ఏదీ మార్చొద్దు, రాసుకోండి అంతే

ఇది చాలామంది దాటేస్తారు, దయచేసి దాటొద్దు. ఏడు రోజులు ఎప్పటిలాగే తినండి. పిల్లల పాత నోటుబుక్కు ఒకటి వంటింట్లో పెట్టి నోట్లోకి పోయిందల్లా రాయండి. టీలో చక్కెర ఎన్ని స్పూన్లు, పిల్లాడు వదిలేసిన ఇడ్లీ ముక్క, పొరుగింటివాళ్లు ఇచ్చిన ప్రసాదం లడ్డూ, అన్నీ.

నాకు దొరికిన దొంగలు ఇవి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్లు, అంటే 160 కేలరీలు ఒక్క చక్కెరలోనే. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మిరపకాయ బజ్జీలు వారానికి మూడుసార్లు. ఇంకొకటి నేను కలలో కూడా అనుకోనిది, అన్నం. 600 రూపాయలు పెట్టి వంటింటి త్రాసు కొన్నాను, దానంత పనికొచ్చిన వస్తువు మా ఇంట్లో మరొకటి లేదు. మధ్యాహ్నానికి నేను పెట్టుకునే అన్నాన్ని బియ్యంగా తూచి చూస్తే 180 గ్రాములు. నూరు గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు, అంటే కూర, పప్పు, నెయ్యి వేసుకోకముందే 630. నేను మటుకు "కొంచెమే కదా తింటున్నా" అనుకుంటూ ఉన్నాను.

ఎంత తగ్గించాలి

రోజూ తినేదాంట్లోంచి 400 నుంచి 500 కేలరీలు తగ్గించండి, అంతకు మించొద్దు. లెక్క ప్రకారం వారానికి అర కిలో దాకా తగ్గాలి. నిజంలో నాకు సగటున పావు కిలో తగ్గింది, అది చాలు. వారానికి అర కిలో నుంచి కిలో అనేది డాక్టర్లు సాధారణంగా ఒప్పుకునే వేగం. రోజుకు 800 కేలరీల లోపు డైట్లు కొందరికి డాక్టర్లు ఇస్తారు, నిజమే, కానీ అవి వాళ్ల పర్యవేక్షణలో, పోషకాలు కలిపి, రక్తపరీక్షలు చేయిస్తూ జరిగేవి. ఫోన్లో ఎవరో పంపిన చార్టు చూసి చేసేవి కావు.

ఏ పద్ధతి చేతికొచ్చినా నేను ఒకటే అడుగుతాను: ఈ తిండిని ఇదే ఇంట్లో, ఇదే పొయ్యి మీద వండుకుని అయిదేళ్ల తర్వాత కూడా తింటూ ఉండగలనా? లేదు అనిపిస్తే అది తగ్గించే దారి కాదు.

పళ్లెం సర్దడం

అన్నం మానొద్దు. బియ్యం 180 నుంచి ఒక్కసారిగా కాకుండా మూడు వారాల్లో 80 గ్రాములకు దించాను. అలా దించినప్పుడు పళ్లెం బోసిపోతుంది, ఆ బోసిపోవడమే మనల్ని ఓడిస్తుంది, అందుకని ముందు కూర వడ్డించుకోవాలి. పళ్లెంలో సగం కూర, ఆకుకూర. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, కోడి లాంటివి. మిగిలిన పావులో అన్నం లేదా సంగటి. మొదటి రోజు మా అత్త నా పళ్లెం చూసి "ఏంది మ్మే, ఇంతేనా తినేది? గాలికి పడిపోతావు" అని గరిటెతో అన్నం తెచ్చేసింది. నేను కాదనలేదు, "ఇంకా పప్పు పెట్టత్తా" అన్నాను. ఆమెకు పెట్టిన తృప్తి, నాకు కావలసిన పప్పు. ఇంట్లో వంట వేరేవాళ్ల చేతిలో ఉన్నప్పుడు వాదన పెట్టుకుంటే పని జరగదు, ఏది ఎక్కువ పెట్టాలో చెప్తే జరుగుతుంది.

సంగటి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మన చిత్తూరోళ్లకు రాగి అంటే ఎంత తిన్నా లావెక్కరు అని ఒక నమ్మకం. నూరు గ్రాముల రాగిపిండిలో 320 కేలరీలు, బియ్యానికి అటూ ఇటూగా అంతే. రాగిలో గొప్పతనం వేరే, కాల్షియం దండిగా ఉంటుంది, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల పైనే, పీచు ఉంటుంది, నీళ్లు బాగా పడతాయి కాబట్టి ఒక ముద్దకే కడుపు నిండినట్టుంటుంది. మా అవ్వ రెండు ముద్దలు తిని సన్నగా ఉందంటే పొద్దుగూకేదాకా చేలో పనిచేసింది కాబట్టి. మనం కుర్చీలో కూర్చుని రెండు ముద్దలు తింటే అవి రెండు ముద్దలే. ఒక్క ముద్ద, పక్కన ఎనిపిన ఆకుకూర ఎంత కావాలంటే అంత, లేదా ఉలవచారు, వారానికి ఒకసారి కోడికూర.

ఇప్పుడు నూనె. ఇంత చిన్న మార్పుకు ఇంత ఫలితం ఇంకెక్కడా రాలేదు నాకు. 15 మిల్లీలీటర్ల స్పూనుకు 120 కేలరీల పైమాటే. చేయి తిప్పి పోసే పోపు గిన్నెలో ఎన్ని స్పూన్లు పడుతున్నాయో ఎవరికీ తెలియదు. అందుకని లెక్క కూర దగ్గర పెట్టకండి, సీసా దగ్గర పెట్టండి. మనిషికి రోజుకు 25 గ్రాములనుకుంటే నలుగురికి నెలకు 3 కిలోలు, లీటర్లలో మూడుంపావు. మా ఇంట్లో అయిదున్నర లీటర్లు అయ్యేది. ఒకటో తారీఖున మూడుంపావు లీటర్లు వేరే డబ్బాలో పోసి, నాలుగు వారాలకు మార్కర్‌తో నాలుగు గీతలు గీశాను. మొదటి నెల ఇరవయ్యో తారీఖుకే అడుగంటింది. రెండో నెల ఇరవై ఆరు. మూడో నెలకు సరిపోయింది, ఇంట్లో ఎవరూ రుచి తగ్గిందని అనలేదు. పూరీ చేసిన వారం గీత కిందికి దిగిపోయేది, ఆ వారం మిగతా రోజులు పులుసులూ చార్లూ.

చెనిక్కాయలూ, అంటే వేరుశెనగలూ అంతే. చెనిక్కాయల ఊరిబిండి (పచ్చడి) లేకుండా మనకు సంగటి దిగదు, మానమని నేను చెప్పను. గుప్పెడు, అంటే 30 గ్రాములు, 170 కేలరీలు. మంచి తిండే, ప్రోటీన్ ఉంది, కానీ సినిమా చూస్తూ వేయించిన చెనిక్కాయలు చేటలో పెట్టుకుని తింటే మూడు గుప్పెళ్లు ఎప్పుడు అయిపోయాయో తెలియదు. కొలిచి గిన్నెలో పోసుకోండి, డబ్బా మూతపెట్టి అరలో పెట్టేయండి.

ప్రోటీన్ ఎందుకంటే, బరువు తగ్గేటప్పుడు కండ పోకుండా కాపాడేది అదీ, వ్యాయామమూ. మన జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు చెప్పే లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు. తగ్గేటప్పుడు కిలోకు ఒక గ్రాము, ఇంకాస్త పైకి అనుకోండి, కిడ్నీలు బాగుంటేనే. గుడ్డుకు 6 గ్రాములు, నూరు గ్రాముల పెరుగుకు 3, పచ్చి కందిపప్పు, ఉలవలు నూరు గ్రాములకు 21, 22 దాకా. మనం చేసే పప్పు నీళ్లలా ఉంటుంది కాబట్టి గరిటెడు పప్పులో నాలుగైదు గ్రాముల కంటే రావు. నేను పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, సాయంత్రం ఉడకబెట్టిన అలసందలో శనగలో, రాత్రి పెరుగు. సంక్రాంతి సీజన్లో అనపకాయలొస్తే పితికిపప్పు కూర, గింజలు నానబెట్టి తోలు పితకడానికి ఇంటిల్లిపాదీ కూర్చుంటాం, అంత మంచి డైట్ తిండిని ఏ కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మలేదు.

ఒక్కపొద్దులు, ప్రసాదాలు, పెళ్లిళ్లు

శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు మన ఊళ్లో ఇంటికొకరు. పెరటాసి శనివారాలైతే చెప్పక్కర్లేదు. భక్తితో చేసేది భక్తితోనే చేయండి, దాన్ని బరువు లెక్కలోకి తేవొద్దు. ఎందుకంటే పగలంతా ఉండి రాత్రికి నాలుగు దోసెలు, ఉప్మా, మధ్యలో రెండు కాఫీలు తాగితే మామూలు రోజు కంటే ఎక్కువే పడుతుంది. టిఫిన్ అంటే తిండి కాదు అనే లెక్క దేవుడి దగ్గర చెల్లుతుందేమో, ఒంటి దగ్గర చెల్లదు. ఒక్కపొద్దు విడిచేటప్పుడు రెండు ఇడ్లీలు, గట్టి సాంబారు, పెరుగు, అలా ఉండండి.

లడ్డూ ఇంటికొస్తే వద్దనకండి. ఆ రోజే అందరికీ పంచేయండి, మీ వంతు ముక్క కళ్లకద్దుకుని తినండి, డబ్బాలో దాచుకోవద్దు. పెళ్లిలో ఇష్టమైన రెండు రకాలు తృప్తిగా, మిగతావి వదిలేయండి. గంగమ్మ జాతరలో అంబలి పోస్తుంటే గ్లాసుడు తాగండి, ఆ ఎండలో అంతకంటే మంచిది లేదు. ఒక పూట ఎక్కువైతే మరుసటి పూట పస్తుండొద్దు, మామూలు పళ్లెం దగ్గరికి తిరిగి రండి. ఈ ఒక్క అలవాటే క్రాష్ డైట్ చేసేవాళ్లనూ నిలకడగా తగ్గేవాళ్లనూ వేరుచేస్తుందని నా గట్టి నమ్మకం.

నడక, మెట్లు, కుర్చీ

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం కనీసం. నేను పొద్దున అయిదున్నరకు ఎస్వీ యూనివర్సిటీ వైపు వెళ్తాను. మొదటి నెల 15 నిమిషాలే. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే చురుకైన నడక.

చాలామంది మొదటి వారమే అలిపిరి మెట్లెక్కేస్తారు. 3,550 మెట్లు. బరువు మీదున్నప్పుడు మోకాళ్ల మీద పడే భారం మామూలుది కాదు, ముఖ్యంగా దిగేటప్పుడు. నాలుగైదు నెలలు నేల మీద నడిచి, కాళ్లు గట్టిపడ్డాక మొక్కు తీర్చుకోండి, ఎక్కి బస్సులో దిగండి. శ్రీవారి మెట్టు దారి పొట్టిదే, 2,388 మెట్లు, కానీ నిటారుగా ఉంటుంది, సులువనుకోవద్దు.

నడక ఒక్కటే చాలదు, కండకు పని చెప్పాలి. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు చొప్పున మూడు విడతలు, గోడకు చేతులానించి దండీలు, రెండు చేతుల్లో నీళ్ల సీసాలు పట్టుకుని పైకెత్తడం. జిమ్ దగ్గర్లో ఉంటే మంచిదే, లేకపోతే ఆగిపోవద్దు. నిద్ర ఏడు గంటలు, తగ్గితే మరుసటి రోజు ఆకలి పెరుగుతుంది.

ముల్లు కదలనప్పుడు

వారానికి ఒక రోజు, ఒకే సమయంలో, పొద్దున బాత్రూముకు వెళ్లొచ్చాక చూసుకోండి. ఉప్పు ఎక్కువ తిన్నా, నెలసరి ముందూ కిలోన్నర దాకా ఊరికే ఎక్కి దిగుతుంది. నెలకో సగటు చూడండి, టేపు కూడా చూడండి. ఆరో నెలలో నాకు ఏడు వారాలు ముల్లు కదల్లేదు. నడుము మాత్రం 2 సెంటీమీటర్లు తగ్గింది. 81 కిలోల ఒంటికి కావలసినంత తిండి 73 కిలోల ఒంటికి అక్కర్లేదు, అందుకే పాత పళ్లెం దగ్గర బరువు ఆగిపోతుంది. అప్పుడు మళ్లీ వారం రోజులు నోటుబుక్కు రాయండి. నాకైతే టీలో చక్కెర మళ్లీ రెండు స్పూన్లకు పాకి ఉంది.

మందుల సంగతి కూడా చెప్పాలి, 2025లో బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి అందరూ అడుగుతున్నారు. అవి పనిచేసే మందులే, ఊబకాయంతో పాటు షుగర్ ఉన్నవాళ్లకు డాక్టర్ రాస్తే సిగ్గుపడాల్సిన పని లేదు. చీటీ లేకుండా కొనడం మాత్రం చేయొద్దు. అవి వాడినా ఈ పళ్లెం, ప్రోటీన్, నడక తప్పవు, ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది.

ఇప్పటికే క్రాష్ డైట్‌లో ఉంటే

ఈ రోజే ఆపండి, కానీ ఒకేసారి విందు తినకండి. అయిదారు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్లు తిరిగి తినడం డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి, ఒక్కసారిగా తింటే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండెకు ప్రమాదం. మిగతావాళ్లు మజ్జిగన్నం, పప్పు, గుడ్డుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో మామూలు పళ్లేనికి రండి. ఒకటి రెండు కిలోలు వెంటనే ఎక్కుతుంది, అది నీళ్లు, భయపడొద్దు. గుండె దడ, స్పృహ తప్పడం, తిన్నది కావాలని కక్కుకోవాలనిపించడం, వీటిలో ఏది ఉన్నా ఇంట్లో దాచొద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

అనుకున్న బరువుకు వచ్చాక నేను చేసింది ఒక్కటే. బియ్యం 80 నుంచి 100 గ్రాములకు పెంచుకుని నెల చూశాను, నిలబడింది, అక్కడే ఉంచేశాను. హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 5.5. ఆదివారం పొద్దున త్రాసు మీద 68 దాటితే ఆ రోజే నూనె డబ్బా మీద మళ్లీ గీతలు గీస్తాను, ఈ మూడేళ్లలో అలా గీయాల్సి వచ్చింది నాలుగుసార్లు.